నేల నుంచి నలభై అంగుళాలు

పోలింగు రోజు ఉదయం ఆరున్నరలోగా నేను పూర్తి చేయాల్సిన పనులు, శిక్షణ తరగతిలో రాసుకున్న వరసలోనే:

ఒకటి. ఖాళీ పెట్టెను తలకిందులు చేసి, లోపల ఏమీ లేదని ఏజెంట్లందరికీ చూపించి, మూత వేసి లక్కతో సీలు వేయాలి.

రెండు. వేలికి పెట్టే సిరా సీసా ఒలికిపోకుండా ఇసుక పోసిన గ్లాసులో నిలబెట్టాలి.

మూడు. ఓటర్ల జాబితా, ఎర్ర పెన్ను, స్కేలు, గుండుసూదులు బల్ల మీద సిద్ధంగా ఉండాలి. గుండుసూదులు లెక్కపెట్టి తీసుకోవాలి, లెక్కపెట్టి తిరిగివ్వాలి.

నాలుగు. అభ్యర్థుల బొమ్మలు, రాతలు వంద గజాల లోపల ఎక్కడున్నా చెరిపించాలి.

ఐదు. ప్రిసైడింగ్ ఆఫీసరు గారిని నిద్ర లేపాలి. ఇది శిక్షణలో చెప్పలేదు, అక్కడికి వెళ్లాక నేనే చేర్చుకున్నాను.

ఆరు. ఓటు వేసే బల్ల చుట్టూ మూడు వైపులా అట్ట తెర కట్టాలి. ఎత్తు నలభై అంగుళాలు.

ఆరు పనులూ చేశాను. ఆరింటి పక్కనా టిక్కు పెట్టుకున్నాను. టిక్కు పడినంత మాత్రాన పని సరిగ్గా జరిగినట్టు కాదని ఆ రోజు పదిన్నరకి తెలిసింది.

తప్పు ఎలా జరిగిందో ముందే చెప్పేస్తాను. చివర్లో చెబితే సమర్థించుకున్నట్టు ఉంటుంది. మా నాన్న తాపీ మేస్త్రి. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషిని నేను. నీటి సరఫరా ఆఫీసులో గుమస్తాగా చేరి అప్పటికి ఏడు నెలలు, ఇంకా ప్రొబేషనులోనే ఉన్నాను. ఎన్నికల డ్యూటీ కాగితం వచ్చిన రోజు మా అమ్మ దాన్ని వీధిలో పదకొండు ఇళ్లకి చూపించింది. దేశం నా చేతిలో పెట్టారన్నట్టు మాట్లాడింది. నేనూ కొంచెం అలాగే అనుకున్నాను.

తాపీ మేస్త్రి ఇంట్లో పెరిగిన పిల్లకి ఎత్తు అంటే నేల నుంచే. కిటికీ ఎత్తు నేల నుంచి, గూడు ఎత్తు నేల నుంచి, స్విచ్చి బోర్డు ఎత్తు నేల నుంచి. కాబట్టి ‘ఎత్తు నలభై అంగుళాలు’ అన్న మాట శిక్షణలో ఇచ్చిన పుస్తకంలో చదివి, ఫ్రిజ్‌కి వచ్చే పెద్ద అట్టపెట్టె ఒకటి పోలింగు సామానుతో ఇస్తే తీసుకుని, నేల నుంచి నలభై కొలిచి, గీత గీసి, బ్లేడుతో శుభ్రంగా కోశాను. పుస్తకం రాసినాయన ఉద్దేశం బల్ల మీద నుంచి నలభై. బల్ల ముప్పై, దాని పైన నలభై, మొత్తం డెబ్బై. వాళ్లిచ్చిన అట్ట సరిగ్గా డెబ్బై అంగుళాలే ఉంది. అంత పెద్ద అట్ట ఎందుకిచ్చారో అన్న అనుమానం నాకు రవ్వంత కూడా రాలేదు. కోయగా మిగిలిన ముప్పై అంగుళాల ముక్కను ప్రిసైడింగ్ ఆఫీసరు గారి కింద పరిచాను, నేల చల్లగా ఉందన్నారని.

దాంతో తెర బల్లకి పది అంగుళాలే పైకి వచ్చింది. ఓటరు చేతులు, కాగితం కనిపించవు. మోచేతుల నుంచి పైన మనిషి మాత్రం బట్టల దుకాణంలో బొమ్మలా నిలబడి గదంతటికీ కనిపిస్తాడు. అయితే ఏం, కాగితం కనబడటం లేదుగా అనుకున్నాను.

మా పోలింగు కేంద్రం ఒక బడిలో మూడో తరగతి గది. బడికి ఎదురుగా రోడ్డుకి అవతల ఐసు ఫ్యాక్టరీ ప్రహరీగోడ. ఆ గోడని ఆనుకుని ఒక చెప్పులు కుట్టే బల్ల, ఒక సైకిలు పంక్చర్ల బల్ల, ఒక ఇస్త్రీ బల్ల. ముందురోజు సాయంత్రం పెట్టెలూ కాగితాలూ దింపుకున్నాక నా బట్టలు, ప్రిసైడింగ్ ఆఫీసరు గారి చొక్కా తీసుకుని ఆ ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్లాను. బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేస్తున్నావిడకి యాభై ఐదేళ్లుంటాయి. ఆ వీధి మొత్తానికి ఆవిడ ఇస్త్రీ పెద్దమ్మ.

“రేపు ఓట్లకి వచ్చిన అమ్మాయివేనా?” అంది చొక్కా కాలరు సాపు చేస్తూ. “ఒక మాట అడుగుతా, చదువుకున్నదానివి, తెలిసే ఉంటుంది. మనం ఎవరికి వేశామో బయటికి తెలుస్తుందా?”

“తెలియదు పెద్దమ్మా. అది రహస్యం. చట్టం.”

“చట్టం సంగతి కాదమ్మా. తెలుస్తుందా?”

అప్పుడు చెప్పింది. ఆ ఎన్నికల్లో ఐసు ఫ్యాక్టరీ ఓనరు కూడా నిలబడ్డాడు. కాగితం మీద మొదటి గడి ఆయనది, నిచ్చెన గుర్తు. వారం కింద గోడ పక్కన బల్లల వాళ్లందరినీ పిలిచాడట. “నా గోడకి ఆనుకుని బతికే వాళ్ల ఓట్లన్నీ పై గడిలో పడాలి. ఎవరు ఎక్కడ వేశారో సాయంత్రానికల్లా నా చేతిలో ఉంటుంది. తేడా వస్తే మర్నాడే గోడకి రంగు వేయిస్తా. బల్లలు అడ్డం కదా, తీసేయాల్సి వస్తుంది” అన్నాడట, చాలా మర్యాదగా.

“ఇరవై ఎనిమిదేళ్లుగా ఇక్కడే ఉన్నానమ్మా. ఈ బల్ల పోతే బొగ్గుల పెట్టె నెత్తిన పెట్టుకుని వీధులు తిరగాలి. మోకాళ్లు ఒప్పుకోవు.”

“ఆయన బెదిరిస్తున్నాడు, అంతే. పక్కన దేవుడొచ్చి నిలబడ్డా మీరు ఎవరికి వేశారో తెలియదు. నాదీ పూచీ” అన్నాను. నా గొంతు నాకే చాలా బాగుంది. ఆవిడ నా బట్టలు ఇంకో మడత పెట్టి ఇచ్చింది.

ఇక మా ప్రిసైడింగ్ ఆఫీసరు గారు. ఆయన పశువుల ఆస్పత్రిలో సూపరింటెండెంటు. ఆరు నెలల్లో రిటైరు కాబోతున్నారు. “నోరున్న జీవాలతో పని చేయడం నాకు అలవాటు లేదమ్మా. ఏదైనా ఉంటే నువ్వే చూసుకో” అని ఉదయమే చెప్పి, గోడకి ఆనుకుని ఆ అట్ట ముక్క మీద కాళ్లు చాపారు. కాబట్టి జాబితా చూసేది, పేరు, వరస సంఖ్య గట్టిగా చదివేది, కార్డులో ఫొటో, ఎదుట మనిషి ఒకరేనా అని పోల్చుకునేది నేనే. సిరా పెట్టడానికి ఒకరు, కాగితం ఇవ్వడానికి ఒకరు ఉన్నారు. వాళ్లిద్దరూ ఈ కథలో ఏ తప్పూ చేయలేదు, అందుకని వాళ్ల గురించి చెప్పేదేమీ లేదు.

ఎదుటి బెంచీ మీద ఏజెంట్లు. నిచ్చెన తరఫున వచ్చినాయన టైలరు. ఆయనకి ఆ వీధిలో పెద్ద పేరే ఉంది. టేపు వాడడు. మనిషి గుమ్మంలోకి వచ్చేటప్పటికి భుజాలు, ఛాతీ, చేతి పొడవు కళ్లతోనే కొలిచేసి, “మీ కుడిచెయ్యి ఎడమదానికంటే పొడుగు, తెలుసా?” అని అడుగుతాడట. ఒళ్లో తెల్లటి అస్తరు గుడ్డ పరుచుకుని, నీలం సుద్ద ముక్కతో ఏవో గీతలు గీసుకుంటున్నాడు. ఖాళీగా కూర్చోలేక ఆర్డరు పని తెచ్చుకున్నాడనుకున్నాను. పనిమంతుడని మెచ్చుకున్నాను కూడా, మనసులో.

పదిన్నరకి ఇస్త్రీ పెద్దమ్మ వరసలో నా బల్ల ముందుకొచ్చింది. ఉతికిన చీర, మడతలు కత్తిలా ఉన్నాయి. కార్డు ఇచ్చింది.

అది కార్డులా లేదు. ఎండిన బాదం ఆకులా వంకర్లు తిరిగి ఉంది. ఫొటో ఉండాల్సిన చోట గోధుమరంగు మరక, అందులో ఒక చెవి మాత్రం స్పష్టంగా ఉంది.

“ఇదేంటి పెద్దమ్మా?”

“ట్రంకు పెట్టెలో ఉండి ఉండి వంగిపోయిందమ్మా. వంగిన కార్డు పట్టుకుని ఓటుకి ఎలా వస్తాం, మర్యాదగా ఉండదు కదా. నిన్న ఒక్కసారి ఇస్త్రీ చేశా.”

“ప్లాస్టిక్కు కార్డుని?”

“పైన గుడ్డ వేసే చేశానమ్మా! పట్టుకి పెట్టే వేడే. కానీ నాకేం తెలుసు, మొహం ముందు కరుగుద్దని?”

గది నవ్వింది. నేను వరస సంఖ్య చదివాను. నాలుగు వందల పన్నెండు. అప్పుడు టైలరు లేచి నిలబడ్డాడు.

“అభ్యంతరం!”

“దేనికి?”

“ఈవిడ ఎవరో నాకు తెలీదు. కార్డులో మొహం లేదు. చెవి చూసి ఓటు ఇచ్చేస్తారా?”

వరసలో ఎవరో, “ఓయ్, నువ్వు కుట్టిన ప్రతి గుడ్డకీ మడత పెట్టేది ఆవిడే కదయ్యా!” అని అరిచారు. టైలరు అటు చూడలేదు. తర్వాత తెలిసింది, అనుమానం ఉన్నవాళ్లని లోపలికే రానీయొద్దని ఓనరు చెప్పి పంపాడట. ఇస్త్రీ పెద్దమ్మ మీద ఆయనకి అనుమానం ఎందుకంటే, నాలుగో గడిలో ఈల గుర్తు మీద నిలబడ్డ డ్రిల్లు మాస్టారి బనీన్లు కూడా ఆవిడే ఇస్త్రీ చేస్తుంది. డ్రిల్లు మాస్టారు బనీన్లు ఇస్త్రీ చేయించుకుంటాడన్న సంగతే ఆ వీధిలో పెద్ద రాజకీయం.

సూపరింటెండెంటు గారు కళ్లు తెరిచారు. “రూలు ఏం చెబుతోంది?”

రూలు నాకు నోటికొచ్చు. “ఏజెంటు అభ్యంతరం చెబితే విచారించాలి సార్. ఇంకో గుర్తింపు కాగితం ఉంటే చూడాలి. లేదా ఈ వీధిలో ఆవిడతో లావాదేవీ లేని మనిషి ఎవరైనా గుర్తుపట్టి చెప్పాలి.”

“ఇంకో కాగితం ఉందామ్మా?”

“కరెంటు బిల్లు ఉందండీ. అది మా ఇంటి ఓనరు పేరు మీద ఉంటుంది.”

“పోనీ, సాక్ష్యం?”

వరసలో ఇరవై చేతులు లేచాయి. టైలరు ఒక్కొక్కరినీ చూసి, “ఆయన ప్యాంటు ఈవిడ దగ్గరే. ఆవిడ పిల్లల యూనిఫారాలు ఈవిడ దగ్గరే. లావాదేవీ ఉంది, పనికిరారు” అంటూ పోయాడు. సూపరింటెండెంటు గారు నెమ్మదిగా తన చొక్కా వైపు చూసుకున్నారు. నేను నా కొంగు వైపు చూసుకున్నాను.

“అంటే ఈ గదిలో ముడతలు లేని వాళ్లెవరూ పనికిరారన్నమాట” అన్నారాయన. “విచారణ సాయంత్రం చేద్దాం. అప్పటిదాకా ఆవిణ్ణి పక్కన కూర్చోమను.”

సాయంత్రం అంటే ఐదింటికి తలుపులు మూస్తారు. నాకు చెమట పట్టింది. ఇస్త్రీ పెద్దమ్మకి పట్టలేదు. ఇరవై ఎనిమిదేళ్లు బొగ్గుల పక్కన నిలబడ్డ మనిషికి మా గది వేడి ఏమాత్రం? టైలరు వైపు తిరిగింది.

“నేనెవరో నీకు తెలీదు. మంచిది. అయితే పోయిన నెల నువ్వు పాడు చేసిన జాకెట్టు కూడా నాది కాదన్నమాట.”

టైలరు మెడ కొంచెం కదిలింది. “పాడు చేశానా?”

“ఎడం భుజం జారిపోతోంది. అడిగిన వాళ్లందరికీ చెబుతున్నా, టేపు పట్టని మహానుభావుడు కుట్టాడు, అందుకే అట్లా ఉందని.”

“ఎవరికి చెప్పావ్?”

“తెలీని మనిషివి, నీకెందుకయ్యా? రోడ్డు చివర కొత్తగా వచ్చాడే, కంప్యూటర్ మిషనాయన. ఆయనకీ చూపించా. నవ్వాడు.”

“నవ్వాడా!” సుద్ద ముక్క కింద పడింది. “జారేది నా జాకెట్టు కాదక్కా, నీ భుజం! ముప్పై ఏళ్లు మూటలు మోసి మోసి నీ ఎడం భుజం అరంగుళం దిగింది. అది తెలియకూడదని లోపల రెండు మడతల గుడ్డ పెట్టి, మెడ పక్క పావంగుళం జరిపి కుట్టాను. అలా కుట్టేవాణ్ణి ఇంకొకణ్ణి చూపించు, నా కత్తెర ఇక్కడే వదిలేసి పోతా! కంప్యూటర్ మిషనాయన నవ్వాడట!”

టైలరుకి తను ఏం అన్నాడో అప్పటికి అర్థమై, మెల్లగా కూర్చున్నాడు.

“‘అక్కా’ అన్నాడు” అన్నారు సూపరింటెండెంటు గారు నాతో. “రాసుకో. భుజం, అరంగుళం, అన్నీ రాసుకో. మావైపు ఆవులకి కూడా ఇంత గట్టి గుర్తింపు ఉండదు. అభ్యంతరం కొట్టేశాం.” మళ్లీ కళ్లు మూసుకున్నారు.

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది, కానీ డ్యూటీలో ఉన్నాను. ఎర్ర పెన్నుతో పేరు కింద గీత గీశాను. సిరా పెట్టించుకుని, కాగితం తీసుకుని, ఆవిడ తెర దాకా వెళ్లి ఆగిపోయింది. మళ్లీ నా దగ్గరికి వచ్చి వంగింది.

“అమ్మాయ్, ఆ అట్ట ఎందుకంత పొట్టిగా ఉంది?”

“రూలు ప్రకారమే పెద్దమ్మా. నలభై అంగుళాలు.”

“వాడి ఒళ్లో గుడ్డ చూశావా? కాగితం మూరెడు పొడుగుంది. పై గడిలో ముద్ర వేయాలంటే చెయ్యి చాపాలి, భుజం ముందుకు పోతుంది. కింది గడికైతే మోచెయ్యి వెనక్కి రావాలి. నీకూ నాకూ తెలీదు గానీ వాడికి తెలుస్తుంది. వాడికి భుజమే కదమ్మా బతుకు. మిగతావాళ్ల సంగతి ఎలా ఉన్నా, నా భుజం వాడు కళ్లు మూసుకుని చదివేస్తాడు. ఇప్పుడే విన్నావుగా.”

నేను టైలరు ఒళ్లోకి చూశాను. అస్తరు గుడ్డ మీద వరసగా సంఖ్యలు. ప్రతి సంఖ్య పక్కనా చిన్న గీత, కొన్ని పైకి, కొన్ని కిందికి, కొన్ని అడ్డంగా. ఉదయం నుంచి వాడు ఆర్డరు పని చేయలేదు. ఒక వీధి మొత్తం ఓట్ల కొలతలు తీసుకుంటున్నాడు.

“నిన్న నువ్వు దేవుడికి కూడా తెలీదన్నావు” అంది పెద్దమ్మ. కోపంగా అనలేదు. అదే ఇబ్బంది.

“దేవుడికి తెలీదు పెద్దమ్మా…”

“దేవుడు జాకెట్లు కుట్టడు కదమ్మా.”

నేను సూపరింటెండెంటు గారి దగ్గరికి పరుగెత్తాను. నా తప్పు చెప్పాను. మీరు కూర్చున్నది తెర నుంచి కోసిన ముక్కే, దయచేసి లేవండి, అతికిస్తాను అన్నాను. ఆయన లేవలేదు.

“ఇప్పటికి ఎంతమంది వేశారు?”

“రెండు వందల ఎనభై ఒకరు సార్.”

“ఇప్పుడు తెర పెంచితే ఇంతకుముందు తక్కువుందని మనమే రాసిచ్చినట్టు. పోలింగు డైరీలో ఏమని రాస్తావ్?”

“జరిగిందే రాస్తాను సార్.”

“జరిగింది జరిగినట్టు రాసేవాళ్లంతా ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లేనమ్మా. పర్మనెంట్ అయ్యాక ఎవరూ రాయరు. వెళ్లి కూర్చో.”

వెళ్లి కూర్చున్నాను. అది కూడా చెప్పాలి. నేను వెళ్లి కూర్చున్నాను. పెద్దమ్మ మొహం చూడలేక జాబితాలోకి చూశాను.

“సరేలే. నా పని నేను చూసుకుంటా” అని ఆవిడ తెర వెనక్కి వెళ్లింది.

టైలరు ముందుకు వంగి సుద్ద సిద్ధం చేసుకున్నాడు.

పెద్దమ్మ ముందు కాగితాన్ని బల్ల మీద పరిచింది. తర్వాత వేళ్లతో నీళ్లు చిలకరించినట్టు విదిలించింది. తర్వాత చెయ్యి ఆ చివర నుంచి ఈ చివరకి లాగింది. ఈ చివర నుంచి ఆ చివరకి తోసింది. మూలలు. అంచులు. మధ్యలో ముడత ఏదో మొండికేసినట్టు ఒకచోట ఆగి, రెండు భుజాలూ వేసి నొక్కింది. కాగితాన్ని అటు తిప్పి మళ్లీ మొదలుపెట్టింది. ఆ భుజాలు పైకి, కిందికి, ముందుకి, వెనక్కి, ఇరవై ఎనిమిదేళ్ల పని ఒక్క కాగితం మీద చేశాయి. ఆ ఇస్త్రీ మధ్యలో ముద్ర ఎప్పుడు పడిందో, ఏ గడిలో పడిందో, పక్కనే దేవుడున్నా చెప్పలేడు.

టైలరు సుద్ద పైకి వెళ్లింది, కిందికి వచ్చింది, గుడ్డ మీద గాల్లోనే ఆగింది. “ఏం చేస్తోందావిడ?”

“ఇస్త్రీ” అన్నాను.

ఆవిడ కాగితం మడిచింది, ఎంత బాగా మడిచిందంటే పెట్టె సందులో చప్పుడు లేకుండా దిగిపోయింది. గుమ్మం దగ్గర ఆగి, వరస వైపు తిరిగి, “కాగితాలు ముడతలుగా ఉన్నాయి. బాగా సాపు చేసుకుని మరీ వేయండి” అని వెళ్లిపోయింది.

ఆవిడ అంతకంటే ఏమీ అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు. వరసలో ఉన్నవాళ్లలో సగంమంది ఆ గోడ తాలూకు వాళ్లే.

తర్వాత వచ్చిన పంక్చర్ల మనిషి తెర వెనక ట్యూబుకి గాలి కొట్టాడు, లేచి లేచి, పది సార్లు. చెప్పులు కుట్టేవాడు దారం లాగాడు. ఫ్యాక్టరీలోనే పనిచేసే ఐసు మోసే మనిషి దిమ్మ పగలగొట్టాడు, బల్ల అదిరింది. బస్సు డ్రైవరు ఒకాయన చాలా కష్టమైన మలుపు తిప్పాడు. వీధి చివర గడియారాలు బాగుచేసే ముసలాయన అసలు కదలనే లేదు. నాలుగు నిమిషాలు శిలలా నిలబడి బయటికొచ్చాడు, ముద్ర ఎలా వేశాడో నాకిప్పటికీ తెలియదు. ఒక కొత్త కోడలు అత్తగారు చూస్తుండగానే తల దువ్వుకుంది. అత్తగారు లోపలికెళ్లి పిండి కలిపింది.

పన్నెండింటికి టైలరు గుడ్డ మీద కాకులు కొట్టుకున్నట్టు ఉంది. వాడు కాగితం అడిగి తీసుకుని ఫిర్యాదు రాసి, సంతకం పెట్టి, సూపరింటెండెంటు గారికి ఇచ్చాడు. ఆయన నాకిచ్చారు. గట్టిగా చదివాను:

“ఓటర్లు తెర వెనుక అనుమానాస్పదముగా భుజములు ఊపుచున్నారు. దీనివలన నా పనికి ఆటంకము కలుగుచున్నది. తగు చర్య తీసుకొనగలరు.”

“మీ పని అంటే ఏమిటి బాబాయ్?” అన్నాను.

“ఏజెంటు పని.”

“ఏజెంటు పని, వచ్చిన మనిషి ఆ మనిషేనా కాదా అని చూడటం. అది ఈ బల్ల దగ్గరే అయిపోతుంది. తెర వెనక్కి వెళ్లాక వాళ్లు భుజం ఊపితే మీకేం, తల ఊపితే మీకేం?”

సూపరింటెండెంటు గారు కాగితం నా చేతిలోంచి లాక్కుని, రెండోసారి చదివి, మూడోసారి చదివి, పాము కనబడ్డట్టు చూశారు.

“సంతకం పెట్టాడు. ఇది ఫైల్లోకి వెళ్తుంది. పైవాళ్లు ముందు అడిగేది, ‘మరి భుజాలు ఎలా కనిపించాయి?’ అని.” ఆయన లేచి నిలబడ్డారు. వెనక దులుపుకున్నారు. “ఇదిగోనమ్మా నీ ముప్పై అంగుళాలు. తొందరగా అతికించు.”

ఏడు నిమిషాలు పట్టింది. టేపు కొంచెం వంకరగా పడింది. తెర డెబ్బై అంగుళాలకి లేచింది. తర్వాత వెళ్లిన ఓటరు పూర్తిగా మాయమయ్యాడు. పాపం, లోపల ఏం చేశాడో ఎవరికీ తెలియదు. వరసలో కొందరు నిరాశపడ్డారు, వాళ్లు వాళ్ల వాళ్ల పనులు సిద్ధం చేసుకుని వచ్చారట.

ఇంకో పని మిగిలింది. గుడ్డ ఇవ్వమని టైలరుని అడిగాను. “అస్తరు గుడ్డమ్మా, నా సొంతం. కాగితాలు, ఫోన్లు తీసుకోవచ్చని మీ పుస్తకంలో ఉంటుంది. గుడ్డ అని ఉందా?” అన్నాడు. పుస్తకమంతా వెతికాను. గుడ్డ అని లేదు. ఉదయం నుంచి వేసిన రెండు వందల ఎనభై ఒకరి గీతలు ఆ గుడ్డ మీద శుభ్రంగా ఉన్నాయి. నాలుగు వందల పన్నెండు పక్కన గీత కాదు, ఒక ముద్ద ఉంది. “గీత తేలని వాళ్లని ఓనరు తేడా వాళ్ల కిందే లెక్క వేస్తాడు” అన్నాడు టైలరు. నా మొహం చూసి, “నేనేం చేయను? నా మిషనూ ఆయన గదిలోనే ఉందమ్మా” అని తల దించుకున్నాడు.

ఐదింటికి తలుపులు మూశాం. పెట్టెకి సీలు వేసి, గుండుసూదులు లెక్కపెట్టి, వ్యాను కోసం బడి గేటు దగ్గర నిలబడ్డాం. రోడ్డు అవతల ఐసు ఫ్యాక్టరీ ఆఫీసు కిటికీలో ఓనరు కనిపిస్తున్నాడు. టైలరు గేటు దాటి అటు నడిచాడు. గుడ్డ చేతిలో నలిగి ఉండలా ఉంది. ఇస్త్రీ బల్ల ముందు నుంచి తప్ప ఆ ఆఫీసుకి దారి లేదు.

పెద్దమ్మ పెట్టెలో బొగ్గులు విసురుతోంది. తల ఎత్తకుండానే చెయ్యి చాపింది.

“ఆ గుడ్డ ముడతలు పడింది. ఇలా ఇవ్వు.”

“ఓనరు చూస్తున్నాడక్కా.”

“చూడనీ. నలిగిన గుడ్డ తీసుకెళ్లి ఆయన చేతిలో పెడతావా? ఇన్నేళ్లలో నా మడత పడకుండా నీ దుకాణం నుంచి ఒక్క గుడ్డయినా బయటికి పోయిందా?”

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నాకప్పుడు తెలియదు, తర్వాత పెద్దమ్మ చెప్పింది. టైలర్ల దగ్గర ఉండే ఆ నీలం సుద్దలో మైనం కలుస్తుంది. కుట్టడం అయిపోయాక వేడి పెట్టె ఒక్కసారి తగిలితే గీత ఎగిరిపోతుంది. అందుకే అది వాడతారు. ఆ మాట టైలరుకి తెలియదని ఎవరైనా అంటే నేను నమ్మను.

టైలరు కిటికీ వైపు చూశాడు. బొగ్గుల పెట్టె వైపు చూశాడు. తర్వాత గుడ్డని తనే బల్ల మీద పరిచి, నాలుగు మూలలూ తనే లాగి సరిచేశాడు.

“పట్టు వేడి చాలు” అన్నాడు. “ఆ కార్డుకి పెట్టినంత పెట్టకు.”

పెట్టె ఒకసారి అటు వెళ్లింది, ఒకసారి ఇటు వచ్చింది. వీధి మొత్తం కొలతలు పోయాయి. పెద్దమ్మ గుడ్డని నాలుగు మడతలు పెట్టి చేతికిచ్చింది. టైలరు దాన్ని రెండు చేతులతో పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు. ఓనరు ఒక్కో మడతా విప్పడం కిటికీలోంచి కనిపించింది. తిరగేశాడు. దీపం వెలుగులో పట్టుకుని చూశాడు. ఏదో అరిచాడు. టైలరు గొంతు మాత్రం మాకు స్పష్టంగా వినిపించింది: “వేడికి పోయిందండీ. మంచి గుడ్డే.”

వ్యాను వచ్చింది.

రెండు రోజులకి ఫలితం వచ్చింది. నిచ్చెన గెలవలేదు. ఈల కూడా గెలవలేదు. రెండో గడిలోని గొడుగు గెలిచింది. ఆ అభ్యర్థి ఎవరో మా కేంద్రంలో ఎవరూ ఒక్కసారి కూడా అనుకోలేదు. గోడ పక్క వాళ్లందరూ నిచ్చెనకే వేశామని ఒట్టు పెట్టి చెప్పారు. ఓనరుకి ఎవరి బల్ల తీయాలో తేలలేదు. అందరివీ తీయిస్తే చొక్కాలు ఎక్కడ ఇస్త్రీ చేయించుకోవాలో కూడా తేలలేదు. టైలరుని గది ఖాళీ చేయమన్నాడు గానీ, తన కొడుకు సూటు సగం కుట్టి ఉందని గుర్తొచ్చి ఆగాడు. ఆ సూటు ఇప్పటికీ సగమే కుట్టి ఉందట.

డైరీలో నేను జరిగింది జరిగినట్టే రాశాను. సూపరింటెండెంటు గారు నిట్టూర్చి సంతకం పెట్టారు. నా ప్రొబేషను మూడు నెలలు పెంచారు. అమ్మ ఆ కాగితం ఎవరికీ చూపించలేదు. నాన్న మాత్రం నా పక్షమే. “బల్లని ఎవడైనా జరుపుతాడు. నేలని జరిపేవాడు ఎవడు? కొలిస్తే నేల నుంచే కొలవాలి. వాళ్ల పుస్తకమే తప్పు” అన్నాడు. ఆయన్ని మార్చే ప్రయత్నం మానేశాను.

పోయిన నెల ఆ వీధికి వెళ్లాను. బల్ల అక్కడే ఉంది. మీరు ఎవరికి వేశారు పెద్దమ్మా అని అడగబోయాను. ఆవిడ నా మొహం చూసి, “అడిగితే ఈ బట్టలు ఇస్త్రీ చేయను” అంది. నేను అడగలేదు.

మీరూ ఎప్పుడో ఒకప్పుడు ఓటుకి వెళ్తారు. తెర మీ నెత్తిని దాటి ఉంటే సరే, నాలాంటి వాళ్లెవరో సరిగ్గా కొలిచారన్నమాట. అది మోచేతుల దగ్గరే ఆగిపోయి, ఎదుటి బెంచీ మీద ఎవరో మిమ్మల్ని పరీక్షగా చూస్తున్నారనిపిస్తే మాత్రం తొందరపడకండి. కాగితం ముడతలు సాపు చేసుకోండి. రెండు భుజాలూ ఒకసారి గట్టిగా ఊపండి. ఎడం భుజం అరంగుళం దిగిన ఆవిణ్ణి అప్పుడు ఒక్కసారి తలుచుకోండి.